గొడ్డలి నొక్కు పడ్డ స్పాట్ లైటు

ఈ మాట నా గొంతులో ఏళ్ళ తరబడి అడ్డం పడి ఉంది. అన్నం తింటున్నా ఉంది, ఊరికే అరుగు మీద కూర్చున్నా ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పగలిగే మనిషినైతే ఇన్నాళ్ళు మోసేవాణ్ణి కాదు.

ఒక మనిషి నావల్ల చచ్చిపోయాడు. గొడ్డళ్ళు పట్టింది వేరేవాళ్ళు. చంపాల్సింది ఎవరినో చూపించింది నేను.

సాగర్ డ్యాము కడుతున్న రోజులవి. సిమెంటు లారీలు రాత్రీ పగలూ తిరిగేవి. గురజాలలో నాకొక మోటారు షెడ్డు ఉండేది. యేసుపాదం నా స్నేహితుడు. రెండో ప్రపంచయుద్ధానికి ముందు దిగిన నల్లటి అమెరికా కారు ఒకటి పాతది కొని, పెళ్ళివాళ్ళనీ, జబ్బు చేసినవాళ్ళనీ నరసరావుపేటకు తిప్పుతూ బతికేవాడు. ఆ కారంటే వాడికి పిచ్చి. నాకూ పిచ్చే. దాని ముందు అద్దం పక్క స్తంభానికి రెండు రంధ్రాలు ఉండేవి, రబ్బరు బిరడాలతో మూసి. కావాలన్నవాళ్ళకు కంపెనీవాళ్ళే అక్కడొక స్పాట్ లైటు బిగించి ఇచ్చేవారట. లోపల కూర్చుని పిడి తిప్పితే వెలుగు ఎటంటే అటు తిరుగుతుంది. యేసుపాదం కారు మొదట కొన్న దొర ఎవరో ఆ లైటు అడగలేదు. ఆ బిరడాలు చూసినప్పుడల్లా పళ్ళూడిన నోరు చూసినట్టుండేది నాకు. యేసుపాదం వాటిని వేలితో తడుముతూ, "అన్నా, ఎప్పటికైనా దీనికి కంపెనీ లైటే పెట్టాల" అనేవాడు.

అలాంటి కారే ఈ చుట్టుపక్కల ఇంకొకటి ఉండేది. దానికి లైటు కూడా ఉండేది. అది ఒక పెద్ద రైతుది. మూడు నాలుగు ఊళ్ళను తన మాట మీద నడిపిన మనిషి. దుర్గి దాటాక దారికి అడ్డంగా నాపరాళ్ళు పేర్చి, కారు ఆపి, వెనక సీట్లోనే నరికారు ఆయన్ని. పోలీసులు చూసుకుని వదిలాక కారును ఎడ్లతో లాగించి నా షెడ్డుకు తెచ్చారు. తలుపు తెరిస్తే సీటు మీద రక్తం గడ్డకట్టి నల్లగా ఉంది. ఈగలు. పైకప్పు గుడ్డకు జుట్టు అంటుకుని ఉంది. ఆయన తమ్ముడు బండివైపే చూడకుండా నాతో ఒకటే మాట చెప్పాడు: లెక్క తేలేదాకా బండి ఇట్టాగే ఉండాలి, రక్తం కూడా తుడవమాకు.

వాళ్ళ ఇంటి పద్ధతి అది. పగ తీరాక బండిని తగలబెడతారు. అంతవరకూ దాని మీద ఎవరి చెయ్యీ పడకూడదు. హత్య జరిగిన బండిలో వస్తువు ఎవడి దగ్గరన్నా కనిపిస్తే, వాడు ఆ చావులో ఉన్నాడనే అర్థం. పల్నాడులో పుట్టినవాడికి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

నాకు తెలియదా? తెలుసు. మరి ఎందుకు విప్పాను? రక్తం సీటు మీద ఉంది గానీ లైటు మీద లేదు కదా అనుకున్నాను. తగలబెట్టే బండికి లైటు ఎందుకు అనుకున్నాను. ఇవన్నీ తరవాత అతికించుకున్న మాటలు. ఆ రెండు రంధ్రాలకు సరిగ్గా సరిపోయే వస్తువు నా షెడ్డులోనే టార్పాలిన్ కింద ఉంది, నేను ఆగలేకపోయాను, అంతే. పైసా కూడా తీసుకోలేదు. నా స్నేహితుడి మొహం వెలగాలి, అది నా చేత్తో జరగాలి. ఇంతకన్నా గొప్ప కారణం వెతికాను, దొరకలేదు.

లైటు వెనక డిప్ప మీద గొడ్డలి మడమ తగిలి నొక్కు పడి ఉంది. దాన్ని లోపలినుంచి సుత్తితో కొట్టి తీశాను. మెరుగు కింద సన్నని గీత మిగిలింది. అంచు సందులో ఎండిపోయినదేదో ఉంటే కిరసనాయిలుతో కడిగాను. అదేమిటో అప్పుడూ తెలుసు. యేసుపాదంతో మాత్రం మద్రాసు పాత సామాన్ల బజారు నుంచి తెప్పించానని చెప్పాను. బిగించి స్విచ్చి వేస్తే వాడు చిన్నపిల్లాడిలా పిడి పట్టుకుని గోడ మీదా, చింతచెట్టు మీదా, నా మొహం మీదా వెలుగు తిప్పాడు. ఆ క్రిస్మస్‌కి వాళ్ళింట్లో కోడికూర తిన్నాను. వాడి భార్య మరియమ్మ కొసరి కొసరి వడ్డించింది.

ఎండాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం ఆ తమ్ముడు జీపులో వచ్చాడు. వెంట నలుగురు. టార్పాలిన్ ఎత్తి చూశాడు, లైటు లేదు. అప్పటికే బస్టాండులో యేసుపాదం కారునీ, లైటు వెనక ఆ గీతనీ చూసి వచ్చాడు. ఇద్దరు నన్ను బల్ల దగ్గరికి ఈడ్చి నా ఎడమచెయ్యి ఇనుము బిగించి పట్టే వైసు దవడల మధ్య పెట్టారు.

"ఎవడు తీశాడ్రా మేస్త్రీ?"

"యేసుపాదం అయ్యా."

"నీ షెడ్డులోంచా?"

"కాదయ్యా. బండి నాకాడికి రాకముందే. దారిలో దొరికిందని చెప్పి నాకాడ బిగించుకున్నాడు."

ఈ మాటను మీరు ఇంకోసారి చదవండి. నా దగ్గరికి రాకముందే, దారిలో. అంటే నరికిన చోట వాడు ఉన్నాడని. దొంగ అని చెప్పినా వాణ్ణి కాళ్ళు విరగ్గొట్టి వదిలేవాళ్ళేమో. నా షెడ్డులో దొంగతనం జరిగితే నన్నూ అడుగుతారు కదా. అందుకని, నాకు ఆ ప్రశ్న కూడా రాకుండా, వాణ్ణి హంతకుణ్ణి చేశాను. అంత తొందరలో అంత కుదురైన అబద్ధం ఎలా వచ్చింది నా నోటికి?

వైసులో చెయ్యి నలిపితే చెప్పానని ఊరంతా అనుకుంది. పాపం అంది. నేనూ అననిచ్చాను. నిజం ఏమిటంటే, చెప్పేటప్పటికి వైసు ఇంకా తిప్పలేదు. అంతా చెప్పాకే తిప్పారు, తెలిసి కూడా దాచినందుకు. రెండు వేళ్ళు నలిగి విరిగాయి. ఆ చప్పుడు విన్నాను.

నన్ను జీపులో పడేసుకుని బస్టాండుకు తీసుకెళ్ళారు. యేసుపాదం తడిగుడ్డతో లైటు తుడుస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు, నా చెయ్యి చూసి నవ్వు ఆపాడు. "ఏందన్నా ఆ రక్తం?" అంటూ నా వైపే వచ్చాడు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మెడ పక్కన. కారు మీద వాలి, లైటు పట్టుకుని నిలబడబోయాడు. చెయ్యి మీద వేశారు. జనం అరటిపళ్ళ బళ్ళు వదిలేసి పరిగెత్తారు. వాడు కిందినుంచి నన్నే చూశాడు.

"అన్నా, నువ్వే గదా తెచ్చిచ్చింది. చెప్పు వాళ్ళకి."

నేను చెప్పలేదు. చెప్పడానికి వ్యవధి ఉంది. ఎత్తిన గొడ్డలి ఒక్క క్షణం ఆగింది కూడా. ఆ తమ్ముడు నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

ఆ సాయంత్రమే ఆ లైటును చచ్చిపోయిన పెద్ద రైతు కారుకు మళ్ళీ నాచేతే బిగింపించారు. ఎడమ చేతికి గుడ్డ చుట్టుకుని, ఒంటి చేత్తో, అవే స్క్రూలతో. ఈసారి దాని మీద రక్తం తడిగా ఉంది, కడగనివ్వలేదు. పని అయ్యాక అలవాటు కొద్దీ స్విచ్చి వేశాను. బ్యాటరీ లేదని గుర్తులేదు. ఆ కారును తోసుకుపోయి పొలంలో తగలబెట్టారు.

నెల తిరగకముందే మరియమ్మ వచ్చింది. కేసు కోసం కాదు. కేసు ఎటూ నిలబడలేదు. "అన్నయ్యా, ఇస్కూల్లో నా పిల్లల్ని శవాన్ని దోచినోడి పిల్లలంటున్నారు. ఆ లైటు ఆయనకి ఎట్టా వచ్చిందో నీకు తెలిస్తే చర్చిలో ఒక్క మాట చెప్పు" అని అడిగింది. నాకేం తెలుసమ్మా అన్నాను. ఆమె నా విరిగిన వేళ్ళు చూసి, నన్ను ఇబ్బంది పెట్టానని నొచ్చుకుని వెళ్ళిపోయింది. పిల్లల్ని తీసుకుని చిలకలూరిపేట పత్తి జిన్నింగు మిల్లు పనికి పోయిందని విన్నాను. నేను వెతకలేదు.

వాడి పేరు మార్చి రాద్దామనుకున్నాను. మారిస్తే ఇది రాసి లాభమేముంది? నా పేరు మాత్రం రాయడం లేదు. ఇప్పటికీ ఎవరికి భయపడుతున్నానో నాకే తెలియదు, వాళ్ళెవరూ బతికి లేరు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినవాళ్ళు మీరు కారు. ఒక్కటి వినండి చాలు, మీకు చిలకలూరిపేటలో వాడి పిల్లలెవరన్నా తగిలితే చెప్పండి.

యేసుపాదం శవాన్ని దోచుకోలేదు. ఆ లైటు విప్పింది నేను.