డిక్కీలో బేస్ డబ్బా

కారులో రెండు స్పీకర్లు మార్పించుకోవడానికి మొగుడి అనుమతి కావాలని నాకు మూసాపేటలో తెలిసింది. ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు మండుతుంది.

నాది చిన్న కారు, సెకండ్ హ్యాండుది, నా జీతంతో కొనుక్కున్నది. ఇంటి పక్కనే మెట్రో పెట్టుకుని హైటెక్ సిటీకి కారులో ఎందుకు వెళ్తావని అందరూ అడుగుతారు. ఆ ట్రాఫిక్ ఎలా ఉంటుందో నాకూ తెలుసు. నాకు కావలసింది ఆ ట్రాఫికే. బండి కదలనంత సేపూ అద్దాలు ఎత్తేసి సంగీతం సాధన చేస్తాను. పక్క కారువాళ్ళు నేను ఫోన్లో ఎవరినో తిడుతున్నాననుకుంటారు. అనుకోనీ.

మా టీచరుగారు పాఠాలు రికార్డు చేసి పంపుతారు. ఒక ముక్క ఆవిడ పాడి ఆగుతారు, ఆ ఖాళీలో నేను పాడాలి. "పంచమం దగ్గర కిందికి జారుతున్నావమ్మా. నా గొంతు జాగ్రత్తగా విని, దాన్ని పట్టుకో" అన్నారు ఒకరోజు. వినడమెలా? తలుపుల్లో ఉన్న స్పీకర్లు చిరిగిపోయాయి. ఆవిడ గొంతు పైకి వెళ్ళిందంటే చాలు, గరగరమంటాయి. జారుతున్నది నేనో, కారో తెలియదు. అందుకని ఆ రెండూ మార్పిద్దామనుకున్నాను. నా బడ్జెట్టుకి అంతకన్నా ఎక్కువ రాదు, నాకు అక్కర్లేదు కూడా.

మెట్రో స్టేషన్ దగ్గర కార్లకు సీట్ కవర్లూ స్టీరియోలూ బిగించే దుకాణం ఒకటుంది. పొద్దున్నే అక్కడికి వెళ్ళాను.

"సార్ రాలేదా మేడం?" అన్నాడు దుకాణాయన.

"కారు నాది. ముందు తలుపుల్లో రెండు స్పీకర్లు మార్చండి. మనిషి గొంతు స్పష్టంగా వినబడాలి. బేస్ వద్దు."

"బేస్ లేకుంటే మజా ఏముంటది మేడం?"

"నాకు మజా వద్దండీ."

ఆయన నవ్వి తాళం తీసుకున్నాడు. నేను మెట్రోలో ఆఫీసుకి వెళ్ళిపోయాను. ఆఫీసులో నేను సరేనంటే తప్ప ఏ సాఫ్ట్‌వేరూ బయటికి పోదు. "ఒకసారి మీ ఆయన్ని కనుక్కోండి" అని అక్కడ ఇంతవరకూ ఎవరూ అనలేదు.

ఈ ఊళ్ళో స్టీరియో బిగించేవాళ్ళందరిదీ ఒకటే పరీక్ష. తీన్మార్ దరువు పెడతారు. డ్రైవరు ముందున్న అద్దం వణికితే సిస్టం మంచిది, వణక్కపోతే దండగ. సాయంత్రం నేను వెళ్ళేసరికి నా కారు అద్దం గజగజ వణుకుతోంది. అనుమానం వచ్చి డిక్కీ తెరిచాను. కూరగాయల సంచీకి కూడా చోటు మిగల్చకుండా ఒక బేస్ డబ్బా కూర్చుని ఉంది. తలుపుల్లో మాత్రం అవే చిరిగిన స్పీకర్లు.

"ఇదేంటండీ?"

"సార్‌కు ఫోన్ చేసిన మేడం. పోయినేడు సీట్ కవర్లు ఏయించిండు కదా, నంబరుండె. గిదే పెట్టుమన్నడు. మీరు చెప్పిన పైసలల్లనే అయింది, ఫికర్ చేయకుండ్రి."

అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా సీట్లో కూర్చుని పాఠం పెట్టాను. టీచరుగారు దుప్పటి ముసుగేసుకుని పాడుతున్నట్టుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

"తీసేయండి. నేను చెప్పిన స్పీకర్లు పెట్టండి."

"సార్‌ను ఒక్క మాట అడుగుత మేడం" అంటూనే ఆయన మా ఆయనకి ఫోన్ కలిపి, నాకూ వినబడేలా స్పీకర్లో పెట్టాడు. పక్క కారుకి సీట్ కవర్లు తొడుగుతున్న ఇద్దరు మనుషులు పని ఆపి ఇటు చూశారు.

"ఉండనీ. బేస్ ఉంటేనే పాటకి అందం" అన్నారు మా ఆయన. "నువ్వు ఆఫీసుకెళ్ళి రావడానికేగా, ఇంత రాద్ధాంతం ఎందుకు?"

ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అంతమంది ముందు చెప్పాల్సి వచ్చింది. అందుకే నాకు ఎక్కువ కోపం.

"నేను కార్లో పాడుకుంటానండీ. సంగీతం నేర్చుకుంటున్నాను."

"నువ్వు పాడతావా? ఎప్పట్నుంచి?"

"చాలా రోజులైంది."

"మరి ఇంట్లోనే పాడుకోవచ్చుగా, ఎవరు వద్దన్నారు?"

నిజమే. ఎవరూ వద్దనలేదు. వద్దని ఉంటే కనీసం పోట్లాడేదాన్ని.

"ఎవరూ వద్దనలేదండీ" అన్నాను. "నేను వంటింట్లో గొంతెత్తినప్పుడల్లా మీరు టీవీ సౌండు పెంచేవారు."

దుకాణాయన ఫోన్ కట్టేసి జేబులో పెట్టుకున్నాడు. ఈసారి ఎవర్నీ అడగకుండా డిక్కీ తెరిచి డబ్బా దించాడు.