కథకు అక్కరలేని కుక్క

నా తెలుగు పేదది. పగలంతా రాళ్ళ మధ్య పనిచేస్తూ, ముప్పై దాటిన తరువాత రాత్రి బడిలో చేరి పట్టా సంపాదించినవాణ్ణి. ఈ రాతలో దోషాలుంటే అవి పూర్తిగా నావి. వాటిని మా మాస్టారికి అంటగట్టవద్దని పాఠకులకు మనవి. ఆ మాస్టారు గత ఆదివారం ఉదయం చర్చికి బయలుదేరుతూ, అరుగు మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటూనే ఒరిగిపోయారు. ఒక కాలికి చెప్పు ఉంది. రెండవది చేతిలో ఉంది.

ఆయన సమాధి రాయి మార్టూరులో మా గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లోనే తయారవుతోంది. నేనక్కడ సూపర్‌వైజర్‌ను. ఖననం అయిన మరునాడు అమ్మగారు, అంటే మాస్టారి భార్య, నన్ను పిలిపించారు.

"పేరూ తేదీలూ ఎటూ చెక్కుతారు నాయనా. కింద ఒక్క వాక్యం కావాలి. ఆయన మీకేం నేర్పారో నువ్వే రాయి. ఆ బడిలో డిగ్రీ దాకా వచ్చింది నువ్వేగా" అన్నారు.

గర్వపడ్డాను. ఆ గర్వం ఇంటికి వచ్చి కాగితం ముందు కూర్చునేదాకానే నిలిచింది. ఆయన మాకు ఏమి నేర్పారు? చరిత్ర, ఇంగ్లీషు నేర్పారు. కానీ సమాధి మీద అది రాయలేము. పైగా ఆయన్ని తలచుకుంటే నాకు గుర్తుకు వచ్చేది పాఠం కాదు, శనివారం సాయంత్రం చూపిన బొమ్మల సినిమాలు.

అవి చేత్తో గీసిన బొమ్మలు కదిలే చిన్నపిల్లల సినిమాలు. మా బడి నడిచే చర్చి వెనుక గదిలో గోడకు తెల్ల దుప్పటి కట్టేవారు. మీసాలు నెరుస్తున్న మగవాళ్ళం బెంచీల మీద ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. నేను మొదటి వారమే లేచి నిలబడ్డాను.

"మాస్టారూ, మేము పరీక్షల కోసం వచ్చామండీ."

"నవ్వితే హాల్ టికెట్ ఇవ్వరని ఎవరన్నా చెప్పారా అయ్యా? కూర్చో."

ప్రతి సినిమానూ ముందే చూసి ఉండేవారు కాబట్టి, నవ్వు రావలసిన చోటుకు కాస్త ముందే నవ్వేవారు. దుఃఖం వచ్చే చోట కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచేవారు. "రాతి దుమ్మయ్యా, మీ ఊరంతా ఇదే" అనేవారు.

ఒక సినిమాలో ఎవరో బస్సులో మరిచిపోయిన గొడుగు తన ఇల్లు వెతుక్కుంటూ పోతుంది. మధ్యలో ఒక బస్టాపు వస్తుంది. అక్కడ నిద్రపోతున్న కుక్క లేచి, చెవి గోక్కుని, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ పడుకుంటుంది. మాస్టారు అక్కడ సినిమా ఆపారు.

"ఈ కుక్క మళ్ళీ వస్తుందా?"

"రాదండీ."

"కథకు అవసరమా?"

"కాదండీ."

"మరెందుకు గీశాడు?"

అద్దంకి నుంచి వచ్చే మిర్చి దుకాణం గుమాస్తా, "జీతం ఇచ్చారు కాబట్టి గీసుంటాడండీ" అన్నాడు. అందరికంటే ఎక్కువగా మాస్టారే నవ్వారు. తరువాత నెమ్మదిగా చెప్పారు. "కెమెరాతో తీస్తే కుక్క ఊరికే వచ్చి పడుకుంటుంది. ఇందులో ఊరికే ఏదీ రాదు. ఆ చెవి గోక్కోవడం కూడా ఎవరో ఒకరు కూర్చుని, చూసి, గీయాలి. కథకు అక్కర్లేకపోయినా గీశాడు చూడండి."

"ఇది పరీక్షకు వచ్చే ప్రశ్నేనా అండీ?" అని అడిగాను.

"వస్తుంది. ఎప్పుడో నేను చెప్పలేను."

ఆ మరుసటి వారం అద్దంకి దారిలో ఒక కల్లం పక్కన నా స్కూటర్ ఆగింది. ఎందుకు ఆపానో తెలియదు. ఎండబోసిన మిరపకాయల అంచున ఒక మేక నిలబడి తుమ్ముతోంది. తుమ్మిన ప్రతిసారీ తననెవరో తిట్టినట్టు వెనక్కి తిరిగి చూస్తోంది. దానికీ నా జీవితానికీ సంబంధం లేదు. వెనుక నుంచి ట్రాక్టరు హారన్ మోగింది.

"ఏందయ్యా, మిరపకాయలు ఎప్పుడూ చూళ్ళేదా? పక్కకి జరుగు!"

జరిగాను. అంతే. అందులో నేను నేర్చుకున్నది ఏమిటో అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఆ మేక మాత్రం మనసులో నుంచి పోలేదు.

ఇక వాక్యం సంగతి. 'చిన్న విషయాలను చూడండి' అని రాశాను. ఇంటర్ చదివే మా అమ్మాయి చూసి, "నాన్నా, ఇది కంటి ఆసుపత్రి బోర్డులా ఉంది" అంది. 'జీవితాన్ని ప్రేమించండి' అంటే బీమా ప్రకటనలా వినిపించింది. గుమాస్తాకు ఫోన్ చేస్తే, "ఆ కుక్కని చెక్కించవయ్యా" అన్నాడు. వేళాకోళమో నిజమో తెలియలేదు. సమాధి మీద కుక్కను చెక్కిస్తే చర్చి సంఘ పెద్దలు ఏమంటారు? చెక్కించకపోతే మాస్టారు ఏమనేవారు? రెండూ తేల్చుకోలేకపోయాను.

నిన్న ఉదయం పేరు, తేదీలు పూర్తయ్యాయి. చెక్కేవాడు ఉలి పట్టుకుని నిలబడ్డాడు.

"కింద ఏం చెక్కమంటారు సార్? ఎండెక్కుతోంది."

"ఆగు" అన్నాను.

కడిగిన నల్లరాయి అద్దంలా మెరుస్తోంది. అందులో ఒక మబ్బు మెల్లగా కదులుతోంది. అందులోనే, ఎవరి ఇంటి తీగ మీదో ఆరేసిన చీర కొంగు లేచి, పడి, మళ్ళీ లేచింది.

"ఏముంది సార్ అందులో?" అంటూ అతను కూడా వంగి చూశాడు.

"ఏమీ లేదు" అన్నాను. ఇద్దరం చూస్తూ ఉండిపోయాము.

వాక్యం చెక్కించలేదు, తేదీల కింద ఖాళీగానే వదిలేశాను. చేసింది ఒప్పో తప్పో నాకు తెలియదు. కాబట్టి ఈ కాగితం చేతికందినవారు దీనిని ముందుగా అమ్మగారికి చదివి వినిపించండి. ఆ ఖాళీ ఆమెకు సమ్మతం కాకపోతే జ్ఞాపకార్థ కూడికలోపు కబురు చేయమనండి, ఉలి సిద్ధంగానే ఉంది. తరువాత అద్దంకి గుమాస్తాకు ఇవ్వండి. ఆ తరువాత మా అమ్మాయికి. ఆమెకు ఏమీ వివరించవద్దు. చదవడం ముగించాక ఒకసారి ఆ రాయి దగ్గరకు పంపండి, చాలు.