నేల దిగిన విమానాలు

అక్క లెక్కలో తమ్ముడు అన్ని విధాలా బుద్ధిమంతుడే, ఒక్క విమానాన్నీ ఎగరనివ్వకపోవడం తప్ప. యుద్ధవిమానాల ప్లాస్టిక్ ముక్కలను పెట్టెల్లో తెప్పించుకుంటాడు. అతికిస్తాడు, నున్నగా అరగదీస్తాడు, రంగులు వేస్తాడు. చక్రాలు కడుపులోకి మడిచి, ఎగురుతున్నట్టు స్టాండు మీద నిలబెట్టవచ్చు. లేదా చక్రాలు దించి నేల మీద పెట్టవచ్చు. మొదటి పని అతను చేసిన పాపాన పోలేదు. అందుకే వీధివాళ్ళు అతనికి చక్రాలాయన అని పేరు పెట్టారు. మిగిలిపోయిన స్టాండ్లు ఇల్లంతా తిరుగుతుంటాయి. ఒకదాని మీద గరిటె, ఇంకోదాని మీద సబ్బు.

అతని వృత్తి కట్టుడు పళ్ళు చేయడం. పంటికీ విమానానికీ అదే ఆకురాయి, అదే బ్రష్. ఓసారి బ్రష్ సరిగ్గా కడగకపోవడంతో ఒక రిటైరైన జడ్జిగారి ముందుపన్ను యుద్ధవిమానం రంగులో తయారైంది.

"ఇదేమిటయ్యా, నా పన్ను మబ్బు పట్టింది" అన్నారాయన.

"పైనుంచి చూసేవాళ్ళకి అసలు కనపడదండి" అన్నాడు చక్రాలాయన. జడ్జిగారు మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

"ఒక్కదాన్నైనా ఎగరనివ్వరాదట్రా" అని అక్క అడిగితే పూటకో సాకు చెప్పేవాడు. "పెట్రోలు పోయలేదక్కా." "పైన దుమ్మెక్కువ." "వాతావరణం బాగాలేదు."

ఆ ఇంట్లో నవ్వు అంతవరకే. అక్క భర్త యుద్ధవిమానం నడిపేవాడు. ఒక పొద్దున సముద్రం మీదికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. విమానమూ దొరకలేదు, మనిషీ దొరకలేదు. మీద పడి ఏడవడానికి కూడా ఏమీ మిగల్చని చావు అది.

ఇన్నేళ్ళకు ఆయన పనిచేసిన చోట పోయినవాళ్ళ జ్ఞాపకార్థం ఒక గది కట్టారు. ఒక ఆఫీసరు పెట్టె పట్టుకుని వచ్చాడు. లోపల ఆయన నడిపిన రకం విమానమే, ప్లాస్టిక్ ముక్కలుగా.

"మీ చేత్తో చేస్తే బాగుంటుందండి. ఎగురుతున్నట్టు చేయండి. గది మధ్యలో తాడుతో వేలాడదీస్తాం."

అక్కకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆయన పేరున ఎవరైనా ఏదైనా చేయడం అదే మొదలు.

"వేలాడితే కళ్ళు తిరుగుతాయండి" అన్నాడు తమ్ముడు.

"ఎవరికి?"

"విమానానికి."

ఆఫీసరు నవ్వలేదు. కుదరకపోతే వేరేవాళ్ళకిస్తామన్నాడు. "చేస్తాడండీ, పూచీ నాది" అంది అక్క.

చేశాడు. రెక్కల అతుకులు కనపడకుండా అరగదీశాడు. బావ విమానం నంబరు వెంట్రుకవాసి బ్రష్‌తో రాశాడు. అక్క చూడబోయేసరికి అది బల్ల మీద, చక్రాల మీద నిలబడి ఉంది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఆయనకి దక్కిన ఒక్క మర్యాదనీ నీ పిచ్చితో పాడుచేస్తావట్రా? ఆ చక్రాలు ఊడబెరుకు."

ఈసారి సాకు రాలేదు. తమ్ముడు బ్రష్ కింద పెట్టాడు.

"బావ పోయిన కొత్తలో ఈ గోడ మీద ఒక బొమ్మ విమానం ఎగురుతున్నట్టు ఉండేదక్కా. నువ్వు దాని ముందు నిలబడి, 'ఇంకా దిగలేదేంట్రా' అనేదానివి. రోజూ అదే మాట. నేనేం చెప్పను? ఒకరోజు దానికి చక్రాలు పెట్టి బల్ల మీద ఉంచాను. ఆ పూట నువ్వు అన్నం తిన్నావు."

అక్కకు ఆ మాట అన్నట్టే గుర్తులేదు. ఆ రోజులే గుర్తులేవు. వంగి, విమానాన్ని మెల్లగా ఎత్తి చక్రాల కింద వేలు పెట్టింది.

"అడుగున చదునుగా ఉన్నాయేంట్రా?"

"నేనే ఆకురాయితో అరగదీశాను. బరువు పడితే టైరు కాస్త నొక్కుకుంటుంది కదా. లేకపోతే నిజంగా దిగినట్టుండదు."

అక్క ముఖం తుడుచుకుని ఆఫీసరుకు ఫోన్ చేసింది.

"తాడు అక్కర్లేదండీ, ఒక బల్ల వేయించండి. మా ఆయన విమానం దిగింది."

"అలాగేనమ్మా" అన్నాడు ఆఫీసరు.

"కిటికీ పక్కన వద్దని చెప్పక్కా" అని వెనకనుంచి తమ్ముడు గొణిగాడు. "ఎండకి రంగు వెలిసిపోతుంది."

అక్క అది కూడా చెప్పింది.