రాకడ రాలేదు, గాలివాన వచ్చింది

పచ్చి కొబ్బరాకు వాసన అందరికీ పెళ్ళిని గుర్తు తెస్తుందట. నాకు మాత్రం పోట్లాటను గుర్తు తెస్తుంది. మొన్న సాయంత్రం రాజోలులో డ్యూటీ దిగి ఆసుపత్రి గేటు దాటేసరికి ఎదురు ఖాళీ స్థలంలో చర్చివాళ్ళ ఉజ్జీవ సభలకు పందిరి వేస్తున్నారు. అప్పుడే కోసిన ఆకులు వానకు తడిసి ఘాటుగా వాసన కొడుతున్నాయి. మైకు కాసేపు గరగరలాడి, ఉన్నట్టుండి గొంతు విప్పింది. ప్రభువు మళ్ళీ వచ్చే రోజు, ఆ రాకడ, వాకిట్లోనే ఉందట, ఇంకా ఇళ్ళు కట్టుకోవడాలేమిటి, పిల్లల్ని చదివించుకోవడాలేమిటి అని అడుగుతోంది. నాకు నవ్వొచ్చింది, వెనకే ఒళ్ళు మండింది. ఆటో కోసం పక్కన నిలబడ్డావిడ "ఏంటండి సిస్టరుగారూ, నవ్వుకుంటన్నారు?" అంది. "మా అమ్మగారు గుర్తొచ్చేరండి" అన్నాను. కన్నతల్లి అనుకుని ఆవిడ జాలిగా తలూపింది.

మావైపు చర్చిలో పాస్టరును అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ పిలుస్తాం. సుందరమ్మగారు అలా మా ఊరందరికీ అమ్మగారు. అయ్యగారు పోయి, వేరే పాస్టరు వచ్చి, ఆయన భార్య వచ్చినా ఊరు ఆ పిలుపును ఈవిడ దగ్గర్నుంచి వెనక్కి తీసుకోలేదు. చర్చి వెనక పెంకుటింట్లో ఒక్కరే ఉండేవారు. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం ఏటి అవతలి గట్టుకు వినపడేది. చేతిలో ఎప్పుడూ వంకీ పిడి ఉన్న నల్ల గొడుగు. దాన్ని వానకు వాడగా నేను చూసింది తక్కువ. ఆదివారం వాక్యం వినకుండా జారుకునేవాళ్ళ మోచేతికి ఆ వంకీ తగిలించి వెనక్కి లాగేవారు.

ఈస్టరుకు ముందు శనివారం మా సండేస్కూలు పిల్లలందరినీ సమాధుల తోటకు తీసుకెళ్ళడం ఆనవాయితీ. మేం గడ్డి పీకితే పెద్దవాళ్ళు సున్నం వేసేవారు. అప్పటికి నేను హైస్కూల్లో చేరాను. గడ్డి పీకుతూ పీకుతూ, కొన్నాళ్ళుగా నన్ను తొలిచేస్తున్న సంగతి నోరు జారి అడిగేశాను. "అమ్మగారండీ, యేసు ప్రభువు మాట అక్కడ నిలబడి విన్నవాళ్ళలో కొందరు పోకముందే రాకడ జరిగిపోద్దని బైబిల్లో ఉంది కదండి. మరి వాళ్ళందరూ పోయేరు కదండి?" మా సండేస్కూలు టీచరు నా చెవి పట్టుకున్నాడు. అమ్మగారి గొడుగు వంకీ వచ్చి ఆయన మోచేతికి తగులుకుంది.

"పిల్లని వదలండి. ఆ ప్రశ్న దానిది కాదు, ఆ తొలి క్రైస్తవులది, మొదటి సంఘంవాళ్ళది" అన్నారు. తర్వాత ఓ సమాధి గట్టు మీద కూర్చుని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "వాళ్ళు నిజంగానే ఇవాళో రేపో అనుకున్నారమ్మా రత్నం. కొందరైతే పనులు కూడా మానేసి కూర్చున్నారు. ఈలోగా ఒకళ్ళు పోయేరు, తర్వాత ఇంకొకళ్ళు పోయేరు. మిగిలినోళ్ళు బెంగెట్టుకున్నారు. పోయినోళ్ళ గతేంటని అడిగేరు. ఎగతాళి చేసేవాళ్ళు, వస్తానన్నాయన ఏడీ అన్నారు. ఇదంతా మనమంటే గిట్టనోళ్ళు రాసింది కాదు, మన బైబిల్లోనే ఉంది. వాళ్ళు దాచుకోలేదు. మనమెందుకు దాచాలి?"

"అయితే వాళ్ళు పొరపాటు పడ్డారాండి?"

"ఆయ్. ఎప్పుడన్న దాంట్లో పడ్డారు. అసలు సంగతిలో పడ్డారో లేదో పెద్దయ్యేక నువ్వే తేల్చుకో. నా మాట మీద నమ్మకు. కానీ రాలేదని వాళ్ళు మూటాముల్లే సర్దుకుని పోలేదు చూడు. దిక్కులేనోళ్ళకి అన్నం పెట్టేరు, రోగుల్ని చూసుకున్నారు. ఆలస్యమే వాళ్ళకి పని నేర్పింది."

తర్వాత గొడుగుతో ఎదురుగా ఉన్న రాయి చూపించారు. అది ఆవిడ మామగారి సమాధి. ఆయన కూడా పాస్టరే. తాను చావననీ, రాకడను కళ్ళారా చూస్తాననీ అనేవారట. అందుకే తాటాకు ఇంటికి పెంకు వేయించలేదు. కాస్త నాలుగు రోజులుండే లోకానికి పెంకెందుకని కోప్పడేవారట. అమ్మగారు కొత్తకోడలిగా వచ్చిన మొదటి ఏడే సముద్రం మీంచి తుఫాను విరుచుకుపడి ఇంటి కప్పు మొత్తం ఎత్తుకుపోయింది. తడిసిన అత్తగారికి జ్వరం తగిలింది, మళ్ళీ లేవలేదు. "రాకడ రాలేదు, గాలివాన వచ్చింది" అన్నారు అమ్మగారు. ఆ మాట అనేటప్పుడు ఆవిడ ముఖంలో దుఃఖం కంటే కోపమే ఎక్కువ కనిపించింది. ఆ కోపం నాకు నచ్చింది.

నాకు ఇంటరు అయిపోయి అమలాపురంలో నర్సింగు సీటు వచ్చిన ఏడాది మా ఊళ్ళో మూడు రోజుల సభలు పెట్టారు. బయటి నుంచి పేరున్న ప్రసంగీకుడు వచ్చాడు. యుద్ధాలు, రోగాలు, కరువులు ఏకరువు పెట్టి, మీరు మరో దింపు చూస్తారో లేదో అన్నాడు. దింపంటే చెట్టెక్కి కొబ్బరికాయలు దించడం. మా నాన్న పని అదే. ఆ మాట నేరుగా ఆయన గుండెకే తగిలింది. ఇంటికొచ్చి, "చదువు వద్దులేమ్మా. ఆయనొచ్చేటప్పటికి నువ్వెక్కడో హాస్టల్లో ఉండి, మేమిక్కడుంటే ఎలాగ? అందరం ఒక్కచోట ప్రార్థనలో ఉందాం" అన్నాడు. మా నాన్న మొండివాడు కాదు, నన్ను విడిచి ఉండలేనివాడు. అందుకే ఆయనతో వాదించడం కష్టమైంది. ఏడుస్తూ అమ్మగారింటికి పరిగెత్తాను.

ఆవిడ నన్ను ఓదార్చలేదు. "మీ నాన్నతో నేను చెప్తే కాదనలేక ఊఁ అంటాడు, రేపు మళ్ళీ మనసు మారుద్ది. ఇది నువ్వు చెప్పాల్సిన మాట. సాక్ష్యాలప్పుడు లే" అన్నారు.

మా సభల్లో ప్రసంగానికి ముందు సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తనకు చేసిన మేలు చెప్పడానికి ముసలీ ముతకా, ఆడా మగా ఎవరైనా లేవొచ్చు. లేచినవాళ్ళు ఆమేన్ అనేదాకా పాస్టరైనా సరే మధ్యలో ఆపకూడదు. మా ఊళ్ళో ఆడపిల్ల మాట చివరిదాకా వినే చోటు అదొక్కటే.

ఆఖరి రోజు సాయంత్రం లేచాను. "ప్రభువు నాకు సీటిచ్చేడు, అది నా సాక్ష్యమండి" అని మొదలుపెట్టాను. "ముందే వచ్చేస్తాడనుకున్న ఆ తొలి సంఘంవాళ్ళు ఎదురుచూస్తూనే పోయేరండి. వాళ్ళని తప్పు పట్టట్లేదండి. కానీ మా నాన్నగారు రేపు పొద్దున కూడా చెట్టెక్కుతారు. రాకడ దగ్గరపడిందని ఆయన దింపు మానలేదు, మా అమ్మ వంట మానలేదు. మరి నేనొక్కదాన్నే చదువెందుకు మానాలండి?"

పందిరంతా గుసగుసలు బయల్దేరాయి. ప్రసంగీకుడు మైకందుకుని "ఆ అమ్మాయిని కూర్చోబెట్టండి" అన్నాడు.

"ఇంకా ఆమేన్ అనలేదండి" అంది వెనక నుంచి ఏటి అవతలికి వినపడే గొంతు.

ఆయన సర్దుకుని, ప్రభువుకు వెయ్యేళ్ళు ఒక్కరోజు లాంటివనీ, మానవుల లెక్కలు ఆయనకు పట్టవనీ చెప్పబోయాడు. గొడుగు పైకి లేచింది. "ఆయ్, బాగా చెప్పేరండి. ఆ లెక్కన మా పిల్ల నర్సింగు చదువు ఆయనకి రెప్పపాటు కూడా కాదు కదండి. ఆ కాస్త ఆగలేరంటారా?" పందిరి కింద ముందు ఆడవాళ్ళు నవ్వారు. మగవాళ్ళు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. మా నాన్న మాత్రం నవ్వలేదు, తన అరచేతుల కాయల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. నేను ఆమేన్ అని కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే మా నాన్న చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని పనికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగి, "పెట్టె సర్దుకోమ్మా. చెట్టెక్కేవాడి కూతురివి, భయపడితే ఎలాగ?" అన్నాడు. అప్పటిదాకా భయపడింది ఆయనే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అమ్మగారు ఆఖరి రోజుల్లో మంచం పట్టినప్పుడు సెలవు పెట్టి వెళ్ళి నేనే చూసుకున్నాను. ఒక మధ్యాహ్నం వాన దంచికొడుతోంది. పెంకుల మీద చప్పుడు వింటూ పడుకున్నారు. ఎన్నాళ్ళుగానో దాచుకున్నది అప్పుడు అడిగాను. "మీరు నిజంగా నమ్ముతారాండి, వస్తాడని?"

"నమ్మకపోతే ఇంటికి పెంకెందుకు వేయిస్తానే? ఆయనొచ్చేటప్పటికి మనుషులంతా తడిసి ముద్దయి, జ్వరాలతో మూలుగుతుంటే ఆయనకేం బాగుంటుంది?" అన్నారు. నవ్వబోయి దగ్గారు. ఆ నెలలోనే పోయారు. మామగారి పక్కనే పడుకోబెట్టాం.

నేను ఇప్పటికీ ఆవిడంత గట్టిగా నమ్మలేను. వార్డులో కొన్ని రోజులు చూశాక అసలేదీ నమ్మబుద్ధి కాదు. అయినా కనపడని రేపటిని చూపించి ఇవాళ్టి ఇంటి కప్పు పీకేసేవాళ్ళంటే మాత్రం నేను ఊరుకోలేను. అది ఆవిడ నాకిచ్చిన కోపం. దాన్ని చల్లారనివ్వకుండా కాపాడుకుంటున్నాను.

రేపు నాకు పగటి డ్యూటీ. సాయంత్రానికి దిగిపోతాను. ఆ పందిట్లోకి వెళ్ళి ఆడవాళ్ళ చాపల మీద ముందు వరసలో కూర్చుంటాను. చదువు మానిపించబోతున్న పిల్ల ఎవరో ఒకత్తె అక్కడ ఉండకపోదు. సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు లేస్తాను. ఆమేన్ అనేదాకా నన్నెవరూ ఆపకూడదు.