గీతకు అవతల చిత్తు లెక్క

మా వదిన లెక్కల టీచరు. సగం జీవితం బడిలో బోర్డు ముందు నిలబడే గడిపింది. ఇప్పుడు పడకగదిలో గోడకు ఆనించిన బల్ల ముందు కూర్చుని ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతోంది. గొంతు మాత్రం ఇంకా బడిలోనే ఉంది. వెనక బెంచీ దాకా వినబడాలన్నట్టు అరుస్తుంది. మా అన్నయ్య చెవుల్లో దూది పెట్టుకుని పేపరు చదువుకుంటాడు.

ఆవిడకో అలవాటుంది. లెక్క మొదలుపెట్టే ముందు బోర్డు కుడివైపు పైనుంచి కిందికి ఒక గీత గీస్తుంది. గీతకు ఇవతల లెక్క, అవతల చిత్తు. గుణకారాలు, భాగహారాలు అన్నీ చిత్తులోనే. "నేర్చుకునేదంతా అక్కడే ఉంది, ఇవతలది మార్కుల కోసం" అంటుంది. ఆ మధ్య కళ్లు లాగుతున్నాయని, తెర మీదే పెన్నుతో రాసే వెడల్పాటి మానిటర్ కొనుక్కుంది. అంత చోటు దొరికేసరికి గీత ఇంకా కుడికి జరిగింది.

పిచ్చుక క్లాసులో చేరింది ఆ తర్వాతే. గొంతు చిన్నదని వదిన పెట్టిన ముద్దుపేరు అది. తల్లి బట్టలు కుడుతుంది. ఆమె ఫోన్‌లోనే పిల్ల పాఠం వినేది. "కనిపిస్తోందా?" అని వదిన అడిగితే అందరితో పాటు "కనిపిస్తోంది టీచర్" అనేది. ఇంటిపని చూస్తే మాత్రం మొదటి వరుసలు చక్కగా ఉండేవి, జవాబు ఆకాశం నుంచి ఊడిపడేది. వదినకు ఒళ్లు మండింది.

"మధ్యలో ఉండాల్సింది ఏదమ్మా? క్లాసులో కూర్చుంటున్నావా, కునుకు తీస్తున్నావా?" అని అందరూ వింటుండగా కడిగేసింది.

మర్నాటి నుంచి పిచ్చుక రాలేదు. ఫోన్ చేస్తే తల్లి ఎత్తింది.

"తనకు బుర్ర లేదని తేల్చేసుకుందండి. పరీక్ష రాయదట. నాతో పాటు మిషన్ ముందు కూర్చుంటానంటోంది మేడమ్."

వదిన ఆ పూట అన్నం కెలికి వదిలేసింది. "రాకపోతే పీడా పోయింది" అంది కానీ, ప్రతి క్లాసులోనూ పేర్ల వరుసలో ఆ పిల్ల పేరే వెతికేది. నాకు ఆవిడ మీద జాలీ కలిగింది, కోపమూ వచ్చింది. కోపమే ఎక్కువ.

ఒక సాయంత్రం వంటింట్లో కూర తరుగుతూ, పిచ్చుక వచ్చిందేమోనని నా ఫోన్‌లో క్లాసు తెరిచాను. లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ చలిజ్వరం. అయినా ఏదో తేడా కొట్టింది. "ఇదిగో, ఏడుని ఇలా తెచ్చాం, చూశారుగా" అంటోంది వదిన. నా ఫోన్‌లో ఏడూ లేదు, తెచ్చిందీ లేదు. కాసేపటికి జవాబొక్కటే వచ్చి కూర్చుంది.

క్లాసు అయ్యాక, వదిన బోర్డు మూసేలోపే ఫోన్ తీసుకెళ్లి మానిటర్ పక్కన పెట్టాను. అక్కడ గీత అవతల చిత్తు నిండుగా ఉంది. ఇక్కడ బోర్డు గీత దాకా రాకుండానే తెగిపోయింది.

"మిగతా పిల్లలకు?" అన్నాను.

"వాళ్లందరికీ లాప్‌టాప్‌లే" అంది వదిన. ఆ గొంతు గది దాటలేదు. "కనిపిస్తోందనే చెప్పింది కదే."

"ఉన్నంత మేరా కనిపించింది వదినా. ఇంకా ఉందని ఆ పిల్లకెలా తెలుస్తుంది?"

బోర్డంతా ఫోన్‌లో పట్టేలా సెట్టింగ్ మార్చింది. అంకెలు చీమలంత అయ్యాయి. పెద్దవి చేస్తే కుడివైపు మళ్లీ తెగింది. విసిగి వేసారి, ఫోన్‌లో ఎక్కడ తెగుతోందో చూసుకుని మానిటర్ మీద సరిగ్గా అక్కడ ఎర్ర టేపు అంటించింది. చిత్తు లెక్క అడుగుకు దిగింది. ఇన్నేళ్ల అలవాటు కదా, చెయ్యి టేపు దాటుతూనే ఉంది. దాటినప్పుడల్లా తన చేతిని తనే కొట్టుకుంది.

తల్లిని బతిమాలితే పిచ్చుక ఒక్కదాని కోసం పెట్టిన క్లాసులోకి వచ్చింది.

"కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది టీచర్."

అదే జవాబు. దాన్ని నమ్మే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

"ఏమేం ఉన్నాయో పైనుంచి చదువు తల్లీ."

చదివింది. లెక్క అయ్యాక ఆగింది. "కింద గీత ఉంది టీచర్. దాని కింద గుణకారం, తీసివేత. ఏడు ఇక్కణ్ణుంచి వచ్చిందా?" మళ్లీ ఆగింది. "ఇది రోజూ వేసేవారా టీచర్?"

"వేశానమ్మా, రోజూ. నీ ఫోన్‌లోకి రాలేదు. తప్పు నాదే."

అటునుంచి కుట్టుమిషన్ చప్పుడు వినబడుతోంది.

"ఆ సంగతి క్లాసులో అందరి ముందూ చెప్తారా టీచర్?"

కెమెరా ఆపి ఉందన్నది మరిచిపోయి వదిన తలూపింది.

"నోటితో చెప్పు వదినా," అన్నాను, "ఆ పిల్లకు కనిపించదు."