పాటలాయన నలభై రెండు దూరాలు

ఊళ్ళో అందరూ ఆయన్ని పాటలాయన అంటారు. బాగా పాడతాడని కాదు. ఆయన గొంతెత్తితే ఇంట్లోవాళ్ళే ఏదో పనున్నట్టు పక్క గదిలోకి వెళ్ళిపోతారు. బస్టాండు ఎదురుగా, చెప్పుల షాపుకీ మందుల షాపుకీ నడుమ, చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత కొట్టు ఆయనది. ముప్పై రెండేళ్ళ కిందట అందులో కూర్చుని, జనం తెచ్చిన ఖాళీ క్యాసెట్లలోకి వాళ్ళడిగిన పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. ఆ పేరు అలా అతుక్కుంది. తర్వాత క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి మెమరీ కార్డులు వచ్చాయి, అవీ పోయాయి. ఇప్పుడు అదే కొట్టులో ఫోన్ కవర్లూ ఛార్జర్లూ అమ్ముకుంటున్నాడు. పేరు మాత్రం పోలేదు.

ఆయన ఫోన్‌లో ఒక పాటల జాబితా ఉంది. దాని పేరు ‘ఇది కాదు’. అందులో నలభై ఒక్క పాటలు. పాడినవాళ్ళు వేరు, బాణీలు వేరు, కాలాలు వేరు, పేరు మాత్రం అన్నిటికీ ఒకటే, ‘దూరం’. విడిపోయిన ప్రేమికుల పాట ఒకటి, లారీ డ్రైవర్ల పాట ఒకటి, కాలేజీ కుర్రకారు చెవులు చిల్లులు పడేలా గిటార్లు బాదింది ఒకటి, మాటలే లేకుండా వేణువు మాత్రమే ఉన్నది ఇంకొకటి. చిన్నపిల్లలకు అడుగులు లెక్కపెట్టడం నేర్పే పాట కూడా ఉంది. చూసినవాళ్ళు ఈయనకేదో తిక్క అనుకుంటారు. తిక్కే, కాదనను. కాకపోతే అది ఒక్కడి తిక్క కాదు.

రెండో మనిషి ఆయన భార్య. ఆవిడ బస్టాండులో విచారణ కౌంటర్‌లో పనిచేసేది. ఏ బస్సు ఎన్నింటికి, ఏ ప్లాట్‌ఫారం మీదికి, ఎందుకు రాలేదు, అసలు వస్తుందా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జాలీ వెనక కూర్చుని అడిగినవాడికల్లా విసుక్కోకుండా జవాబు చెప్పేది. పెళ్ళికి ముందు ఒకరోజు ఆవిడ పాటలాయన కొట్టుకు ఖాళీ క్యాసెట్టొకటి తెచ్చి, పన్నెండు పాటల పేర్లు రాసిన కాగితం చేతిలో పెట్టింది. అయిదోది ‘దూరం’. ఆ రోజుల్లో ఆయన దగ్గర ఆ పేరుతో రెండు పాటలున్నాయి. క్యాసెట్టు మీది సన్నటి అట్టపై పాట పేరు రాసుకోవడానికే చోటు చాలదు, పాడినవాళ్ళ పేర్లు ఎక్కడ రాస్తారు? అందుకని ఆ కొట్లలో ఎవరూ అడిగేవారు కాదు, ఎవరూ చెప్పేవారు కాదు. పాటలాయన తనకు నచ్చినదాన్ని ఎక్కించి ఇచ్చేశాడు.

తర్వాతి బుధవారం ఆవిడ తిరిగొచ్చింది. క్యాసెట్టు బల్లమీద పెట్టి, “ఇది కాదు,” అంది.

“మరి ఏదండీ?”

“నన్నడుగుతారేంటి? పాటలు మీ పనా, నా పనా? వెతకండి.”

ఆయన రెండోది వినిపించాడు. ఇది కాదంది. ఊరంతా గాలించి మూడోది పట్టుకొచ్చాడు. అదీ కాదు. తన పనిలో తప్పు దొర్లిందన్న ఉక్రోషం ఒక పక్క, జాలీ లేకుండా ఆ మొహం మళ్ళీ చూడొచ్చన్న ఆశ ఒక పక్క. అయిదో ‘దూరం’ దాటేసరికి పాట సంగతి వెనక్కి పోయి పెళ్ళి సంగతి ముందుకొచ్చింది.

పెళ్ళయినా ఆట ఆగలేదు. ఆ పేరుతో కొత్త పాట చెవిన పడితే చాలు, ఆయన దాన్ని ఎక్కడున్నా సంపాదించి ఇంటికి తెచ్చేవాడు. ఆవిడ కూరలు తరుగుతూనో, పక్క దులుపుతూనో ఉంటే వెనక నిలబడి పాట పెట్టేవాడు. సగం అయ్యాక అడిగేవాడు. “ఇదేనా?” ఆవిడ తల తిప్పకుండా, “ఇది కాదు,” అనేది. అంతే. వాళ్ళకు పిల్లల్లేరు. పోట్లాడుకుని రెండు రోజులు మాటల్లేకుండా ఉన్నప్పుడు కూడా మూడో రోజు ఆయన ఓ పాట తెచ్చి ‘ఇదేనా’ అంటే, ఆవిడ ‘ఇది కాదు’ అని కంచం పెట్టేసేది. మొదటి పాటను మాత్రం ఆయన ఆ జాబితాలో చేర్చలేదు. తను తప్పు చేసిన పాటని దగ్గర పెట్టుకోవడానికి మనసొప్పలేదు.

ఆవిడ ఉద్యోగం విరమించిన మరుసటి ఏడు, వంటగదిలో నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే కుప్పకూలింది. పక్షవాతం. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ప్రాణం దక్కింది కదా అన్నారు చూడ్డానికొచ్చినవాళ్ళు. ఆ మాట అన్నవాళ్ళు కాసేపు కూర్చుని ఇళ్ళకు పోయేవాళ్ళే. ఊరందరికీ జవాబు చెప్పిన మనిషి, దాహమేస్తోందని కూడా చెప్పలేక కిటికీ వైపు చూస్తూ ఉంటే, ఆయనకు ఆ ఇంట్లో ఊపిరాడేది కాదు. ఒక్క మాట. తిట్టయినా ఫరవాలేదు, ఆవిడ నోట ఒక్క మాట వినాలి. ఆయనకు మిగిలిన కోరిక అదొక్కటే.

మాటలు నేర్పడానికి మంగళ, శుక్రవారాల్లో ఒక అమ్మాయి వచ్చేది. బొమ్మల అట్టలు చూపించేది, పెదవులు ఎలా కదపాలో చూపించేది. ఓపిక గల పిల్ల. ఒకనాడు ఆయన్ని బయటికి పిలిచి, “మాట పోయినా ఒక్కోసారి పాట మిగులుతుంది అంకుల్. ఆంటీకి ఇష్టమైన పాటలు పెడుతూ ఉండండి,” అంది. “కానీ ప్రశ్నలు మాత్రం అడగొద్దు. గుర్తుందా, తెలిసిందా అని అడిగితే పరీక్షలా ఉంటుంది. బెదిరిపోతారు.”

ఇష్టమైన పాటలు. వచ్చేపోయే జనంలో ఎవడికే పాట ఇష్టమో ఇప్పటికీ ఆయనకు కంఠతా వచ్చు. ముప్పై ఒక్కేళ్ళు కాపురం చేసిన మనిషికి ఏ పాట ఇష్టమో తెలియదు. ఏవి కావో మాత్రం తెలుసు, జాబితాలోనే నలభై ఒకటి. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఇంకేం చేస్తాడు, అవే పెట్టాడు. మంచం పక్కన ఫోన్ ఉంచి, ఆ అమ్మాయి చెప్పినట్టు నోరు మూసుకుని కూర్చునేవాడు. పాటలు అయిపోయేవి. ఆవిడ కిటికీ వైపే చూసేది. అలా అయిదు నెలలు గడిచాయి.

ఒక ఆదివారం మరదలు వచ్చింది. భార్యకు చెల్లెలు, బట్టల షాపు పైఅంతస్తులో టైలరింగ్ నడుపుతుంది. మాట కటువు, మనసు మంచిది. గదిలో లారీ డ్రైవర్ల ‘దూరం’ మోగుతుంటే విని మొహం చిట్లించింది.

“ఇదేం పాట బావా? అక్కకి జబ్బు తగ్గాలనా, ముదరాలనా?”

ఆయన గోడు వెళ్ళబోసుకున్నాడు. ఆవిడ అడిగిన ‘దూరం’ ఏదో ఇప్పటికీ దొరకలేదని, అది దొరికితే నోరు విప్పుతుందేమోనని.

మరదలు ఆయన్ని వింతగా చూసింది. “నీకు నిజంగా తెలీదా? అక్క అడిగింది నువ్వు మొదట ఎక్కించిందే. తప్పేం లేదు. మళ్ళీ నీ షాపుకి రావాలంటే ఏదో ఒక వంక కావాలిగా. పెళ్ళయ్యాక చెప్పేస్తానంది. ఏడాదికోసారి అడిగేదాన్ని, చెప్పావా అని. ‘ఇప్పుడే కాదులే, ఆయన వెతకనీ’ అనేది.”

ఆయనకు కోపం వచ్చింది. మంచాన ఉన్న మనిషి మీద కోపమొచ్చినందుకు ఏడుపొచ్చింది. ముప్పై ఒక్కేళ్ళు తనని పిచ్చివాణ్ణి చేసి ఆడించిందా? ఆ మాట ముందే చెప్పి ఉంటే ఈ అయిదు నెలలూ ఆ ఒక్క పాట పెట్టేవాడు కదా. అందరూ అంటారే, మొదట్లోనే మాట తిరిగి వచ్చే వీలు ఎక్కువని. ఆ రోజులన్నీ లారీ పాటలతో బుగ్గిపాలయ్యాయి.

బీరువా అంతా గాలిస్తే, ఆవిడ ఉద్యోగానికి పట్టుకెళ్ళే పాత సంచిలో, గుర్తింపు కార్డు కింద దొరికింది క్యాసెట్టు. అట్ట మీద తన చేతిరాతే, పన్నెండు పేర్లు, వంకరటింకరగా. లోపల టేపు అతుక్కుపోయి ఉంది. టేపును నొక్కిపెట్టే స్పాంజి ముక్క ఊడిపోయింది. కళ్ళద్దాలు పెట్టుకుని, సన్న స్క్రూడ్రైవర్‌తో విప్పి, దూది ముక్క అతికించి, పెన్సిల్‌తో చుట్టి చుట్టి రెండు రోజుల్లో దాన్ని బాగుచేశాడు. చాలా ఏళ్ళకు ఆ చేతులకు వచ్చిన పని దొరికింది.

మంగళవారం సాయంత్రం పాత టేప్‌రికార్డరు మంచం పక్కన పెట్టి నొక్కాడు. నాలుగు పాటలు ఓపిగ్గా సాగనిచ్చాడు. అయిదోది మొదలైంది. కాస్త వణుకుతున్నా పాట పాటలాగే ఉంది. ఆయన ఆవిడ పెదవుల వంకే చూస్తూ కూర్చున్నాడు.

పాట అయిపోయింది. ఆవిడ పెదవి కదల్లేదు. రెప్ప కూడా కదల్లేదు. కిటికీ వైపు చూస్తూనే ఉంది.

పాటలాయన టేపు ఆపేశాడు. ఇక ఏమీ లేదని అప్పుడు తెలిసింది. వెతకాల్సింది వెతికాడు, దొరకాల్సింది దొరికింది, దాని వల్ల ఒరిగింది సున్నా. చేయడానికి ఇంకేం తోచక ఫోన్ తీశాడు. ఆ వారమే కొత్త ‘దూరం’ ఒకటి వచ్చింది, ఎవరో ముక్కుతో పాడారు. అదే నలభై రెండోది. పెట్టాడు. సగంలో, ఆ అమ్మాయి చెప్పింది మరిచి, పాత అలవాటు కొద్దీ నోరు జారాడు.

“ఇదేనా?”

ఆవిడ తల తిప్పలేదు. గొంతులో ఏదో గరగరమంది. “ఇ...ది... కాదు.”

ఆయన పరుగున మంచం చుట్టి వచ్చి ఆవిడ ఎదుట మోకాళ్ళ మీద కూలబడ్డాడు. “నేనెవర్ని? చెప్పు. నీళ్ళు కావాలా? ఏమే, నన్ను చూడు.” ఏమీ లేదు. ఎన్ని అడిగినా ఏమీ లేదు. మళ్ళీ పాట పెట్టి, ఇదేనా అన్నాడు. “ఇది కాదు.” ఈసారి ఇంకొంచెం తేటగా.

శుక్రవారం ఆ అమ్మాయి విని, బొమ్మల అట్టలు ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది. “అది అలవాటు మాట అంకుల్. వేల సార్లు అన్న మాటలు అలా వాటంతటవే వచ్చేస్తాయి. ఆలోచించి అన్నది కాకపోవచ్చు. ఎక్కువ ఆశ పెట్టుకోకండి.”

“పెట్టుకోనమ్మా,” అన్నాడాయన. పెట్టుకోలేదు కూడా. రోజుకో పాట చొప్పున పెట్టేవాడు, ఒకసారి అడిగేవాడు, జవాబు వినేవాడు, ఫోన్ జేబులో వేసుకునేవాడు. రోజుకు రెండోసారి అడిగితే ఆ మాట ఎక్కడ అరిగిపోతుందోనని భయం.

నలభై రెండూ ఒక చుట్టు అయ్యాయి. రెండో చుట్టు మధ్యలో ఆవిడకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసింది. ఆసుపత్రి వార్డులో, తెర వేసిన మంచం మీద, ముక్కుకు గొట్టంతో పడుకోబెట్టారు. ఆయన టేప్‌రికార్డరు సంచిలో పెట్టుకెళ్ళాడు. నర్సు చూసీ చూడనట్టు ఊరుకుంది. చప్పుడు తగ్గించి, క్యాసెట్టులో అయిదో పాట, ఆ మొదటి ‘దూరం’ పెట్టాడు. ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి, ఈసారి ఆయన మీదే ఉన్నాయి. పక్కనే నిలబడ్డ మరదలు మోచేత్తో పొడిచింది.

“అడుగు బావా. ఒక్కసారి అడుగు.”

ఆయన నోరు తెరిచాడు, మూశాడు. పాట అయిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం, దుప్పటి మారుస్తుండగా ఆవిడ పోయింది.

అన్నీ ముగిశాక మరదలు ఆ ఇంట్లో గిన్నెలు సర్దుతూ అడిగింది. “ఎందుకడగలేదు? అన్నేళ్ళు వెతికావు కదా.”

పాటలాయన గుమ్మానికి ఆనుకుని కూర్చున్నాడు. “కాదంటే, అది ఒట్టి అలవాటు మాటేనని తేలిపోయేది. ఇన్నాళ్ళూ మీ అక్క నాతో మాట్లాడలేదని తేలిపోయేది.”

“అవునని ఉండేదేమో కదా?”

“అవునంటే ఆట అయిపోయేది. ఇంక నేనేం తెచ్చేది?”

మరదలు చేతిలో గిన్నెను అలమరలో బోర్లించింది. ఆ జాబితాలో ఇప్పటికీ నలభై రెండు పాటలే ఉన్నాయి. మొదటిదాన్ని ఆయన చేర్చలేదు.