నావి కాని తొమ్మిది ఊపిర్లు

దయ్యాలను నేను నమ్మను. మాచర్ల నుంచి గురజాల దాకా దయ్యం పట్టిందన్న ప్రతి ఇంటికీ వెళ్లి, దాని మొహానే నవ్వి వచ్చినవాణ్ని. పెంచి చెప్పడం నా జబ్బే, ఒప్పుకుంటాను. కింద రాసింది మాత్రం ఉన్నదున్నట్టు.

పందొమ్మిది వందల యాభైల చివర్లో నాకు క్షయ వచ్చింది. నరసరావుపేట అవతల సర్కారువారి ఛాతీ ఆసుపత్రిలో చేర్చారు. ఏడు నెలలు వెల్లకిలా పడుకోవడమే వైద్యం. కూర్చోకూడదు, పక్కకు తిరగకూడదు, గట్టిగా నవ్వకూడదు. నాబోటివాడికి ఆ మూడోది ఉరిశిక్ష. పైకప్పుకు నూట పన్నెండు దూలాలు లెక్కపెట్టాను. ఉన్నవి పన్నెండే.

చెడిన ఊపిరితిత్తికి విశ్రాంతి అని ఛాతీ మీద ఇసుక సంచి పెట్టేవారు. వీశెడు బరువు, కిలోన్నర కూడా ఉండదు. నాకైతే నాగార్జునకొండ వచ్చి కూర్చున్నట్టుండేది.

నేను అక్కడుండగానే ఇంటి దగ్గర కూతురు పుట్టింది. పసిపిల్లను వార్డులోకి రానివ్వరు. డాక్టరుగారు ఒకటే మాట చెప్పారు: కళ్లె శుభ్రపడింది, ఇక ఊపిరి నిమిషానికి ఇరవైలోపు దిగితే ఇంటికి, లేకుంటే ఇంకో మూడు నెలలు. నాది ఇరవై ఆరు దగ్గర మేకు కొట్టినట్టు నిలిచిపోయింది.

పక్క మంచం మీది శావల్యాపురం వెంకయ్య బాబాయి ఉపాయం చెప్పాడు.

"ఒరేయ్, సిస్టరమ్మ నీ మొహం చూడదురా. సంచి లేచేది చూసి లెక్కేసుద్ది. కాసేపు బిగబట్టు, అర నిమిషంలో నాలుగు తగ్గినా చాలు."

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి, వార్డు నిండా ఎండ ఉండగా, సిస్టర్ మార్తమ్మగారు గడియారం చూస్తూ నా పక్కన నిలబడ్డారు. ఆమె అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు రాస్తారు. నేను ఊపిరి బిగబట్టాను.

సంచి లేచింది.

దిగింది. మళ్లీ లేచింది. నా పొట్ట రాయిలా ఉంది. భయమేసి గాలి పీల్చబోయాను. సరిగ్గా అప్పుడే సంచి దిగుతోంది, గాలి లోపలికి రాలేదు. అరవాలన్నా గాలి కావాలి కదా! చేతులు లేవలేదు. కృష్ణలో మునిగినవాడు పైనున్న పడవ అడుగును చూసినట్టు సంచినే చూస్తున్నాను. అది తాపీగా, ఏ జబ్బూ లేనివాడిలా ఊపిరి తీస్తోంది.

"తొమ్మిది. అంటే పద్దెనిమిది. తగ్గిందిగా, ఏందయ్యా ఆ మొహం?" అంటూ మార్తమ్మగారు సంచి పైకెత్తారు. నాకు గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది.

ఆమె మాత్రం సంచిని రెండు చేతుల్లో పట్టుకుని ఆగిపోయారు. తర్వాత దాన్ని ఖాళీ మంచం మీద, మెడ నిలవని పిల్లను దించినట్టు దించారు.

"ఇంటికి పో అబ్బాయ్. ఈ మంచం మీద ఇంక పండుకోమాక."

చీటీలో పద్దెనిమిది అనే రాశారు.

"సంచి ఎట్టా ఆడించావురా? నాకూ నేర్పు," అన్నాడు బాబాయి. నేను బట్టల మూట కట్టుకోసాగాను. నిజం చెబితే మూడు నెలలు.

ఇంటి దగ్గర మా ఆవిడ పిల్లను అందిస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"ఏందీ, సొంత బిడ్డంటే భయమా?"

నన్ను ఇంటికి పంపిన లెక్క నాది కాదని ఎలా చెప్పను? లోపల జబ్బు మిగిలే ఉంటే? ఏడాదిపాటు గుమ్మం అవతలి నుంచే పిల్లను నవ్వించాను. ఏడాది తర్వాత ఎక్స్‌రే శుభ్రంగా వచ్చింది. అప్పుడు ఎత్తుకుంటే, ఎవరో కొత్తవాడనుకుని పల్నాడంతా అదిరేలా ఏడ్చింది.

కండరాలు అదిరి ఉంటాయని తర్వాత ఒక డాక్టరు అన్నాడు. కావచ్చు. ఆ తొమ్మిది ఊపిర్లూ ఎవరివో నేను ఈనాటికీ చెప్పలేను. ఆ ఏడాది ఎందుకు ఎత్తుకోలేదో మాత్రం మా అమ్మాయికి ఇదిగో, ఇప్పుడే చెబుతున్నాను.